డోరా తిన్న దెబ్బ

ఆబిడ్స్‌లో కళ్ళద్దాల దుకాణంలో పనిచేసే డోరాకు నలభై రెండో ఏట షుగర్ బయటపడింది. ఒళ్ళు అలిసేలా రోజూ ఏదైనా చెయ్యమన్నాడు డాక్టరు. నడక ఆమెకు విసుగు. బషీర్‌బాగ్‌లో విజయేందర్ అనే ఆయన ఓ మేడ మీద బాక్సింగ్ నేర్పుతాడని విని, ఒక పొద్దున చున్నీ నడుముకు బిగించి మెట్లెక్కింది.

షుగర్ అదుపులోకి వచ్చాక కూడా మానలేదు. కాలేజీ పిల్ల రశ్మితో రింగులో తలపడి, కమిలిన బుగ్గతో ఇంటికొస్తే భర్త జాబెజ్ నవ్వేవాడు.

"రోడ్డు మీద ఎవడన్న మీదికొస్తే, జర ఆగు, గ్లౌజులు తొడుక్కుంట అంటవా ఏంది?"

ఆ అనుమానం డోరాకూ ఉంది. ఒకసారి విజయేందర్‌నే అడిగింది.

"ఏమో మేడమ్. రింగుల ఒక్కడే ఉంటడు, ఎదురుంగనే ఉంటడు. బయట గట్ల ఉండదు. ఉరకనీకి జాగ ఉంటే ఉరుకుండ్రి" అన్నాడాయన.

వానాకాలంలో ఒక సాయంత్రం ఆమె దుకాణం నుంచి నాంపల్లి మెట్రోకు సందులోంచి నడుస్తోంది. షట్టర్లు దించేసి ఉన్నాయి. వెనక నుంచి ఎవడో హ్యాండ్‌బ్యాగు లాగాడు. పట్టీ మెడలో ఉండటంతో బ్యాగు రాలేదు, ఆమే గిర్రున తిరిగింది. వాడు మొహం మీద గుద్దాడు.

నోట్లో నెత్తురు ఉప్పగా తగిలింది. ఆశ్చర్యం, డోరా కళ్ళు మూసుకోలేదు. రశ్మి చేతిలో తిన్న దెబ్బలకంటే ఇది పెద్దదేమీ కాదని ఆ క్షణంలోనే తోచింది. వాడి కుడి భుజం వెనక్కి వెళ్ళడం కనిపించింది. ఇంకోటి వస్తోంది అనుకునేలోపే తల దానంతటదే పక్కకు జరిగింది. వాడి పిడికిలి వెళ్ళి ఇనుప షట్టర్‌కు తగిలింది. వాడు అరుస్తూ పట్టీ వదిలేశాడు.

నేర్చుకున్న గుద్దుల్లో ఒక్కటీ ఆమెకు గుర్తు రాలేదు. చెప్పులు వదిలేసి, మెయిన్ రోడ్డు మీదున్న ఇరానీ హోటల్లోకి పరుగెత్తింది.

అక్కడ కూర్చోబెట్టి నీళ్ళిచ్చారు. నోరు పుక్కిలించి ఇంటికి ఫోన్ చేసింది. ఫోన్ అందుకున్న జాబెజ్ ఆటోలో వచ్చి, వాచిన చెంప చూసి పక్కన కూలబడ్డాడు.

"వాణ్ణి కొట్టినవా?"

"లేదు. ఉరికిన."

నవ్వుతాడనుకుంది. అతను నవ్వలేదు.

"భయం కాలేదా?"

"మస్తయింది. ఇప్పుడు గూడ ఐతుంది. కానీ వాడు కొడుతుంటే నాకు అన్నీ కనబడినయి. వాని షర్టు గుండీ ఊడింది గూడ చూసిన. తల పక్కకి పోయింది, నేను జరపలే. దానికెవరు చెప్పిన్రో."

జాబెజ్ భార్యను కొత్త మనిషిని చూసినట్టు చూస్తూ ఉండిపోయాడు. తర్వాత ఇద్దరూ పోలీస్ స్టేషన్‌కు వెళ్ళి ఫిర్యాదు రాయించారు. వాడు దొరకలేదు. డోరా ఆ సందు మానేసి, చుట్టయినా పెద్ద రోడ్డు మీదే నడవసాగింది.

వాపు తగ్గాక బషీర్‌బాగ్ మేడ ఎక్కింది. విజయేందర్ సంగతంతా విన్నాడు. రశ్మిని, తక్కినవాళ్ళను పిలిచి చుట్టూ కూర్చోబెట్టాడు. తానూ వాళ్ళ మధ్యలో నేల మీద కూర్చున్నాడు.

"ఇరవై ఏండ్లు రింగుల ఉన్న. బయట ఒక్క దెబ్బ తినలే. ఇది నేను చెప్పగలిగేది కాదు. మళ్ళొకసారి మొదటికెల్లి చెప్పుండ్రి మేడమ్" అన్నాడు.

డోరా చెప్పడం మొదలుపెట్టింది.