కుండలో కానుగ గింజలు

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చూడబోతే ఒక్క మాట. ఆ ఒక్క మాటే దిగదు. ఇంట్లో వాళ్లకు చెప్పలేదు, స్నేహితులకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెప్పడం కాస్త తేలిక. పేరు మాత్రం అడక్కండి.

అప్పట్లో నేను హెచ్‌ఐవీ రాకుండా పనిచేసే ఒక సంస్థలో లెక్కలు చూసేదాన్ని. మధిర పిల్లను. లెక్కల్లో ఎమ్మెస్సీ చేశానన్న గీర కొంచెం ఉండేది. మా సంస్థ కిరాయి గది బూర్గంపాడు దాటాక లారీలు ఆగేచోట, ఒక పంక్చర్ షాపు వెనక. మిరప కోతలు, తునికాకు పని అయిపోయాక కూలి దొరకని ఆడవాళ్లు కొందరు ఆ రోడ్డు మీదికి వచ్చేవారు. వాళ్లకు కండోమ్‌లు ఇవ్వడం, పరీక్షలకు వెంట తీసుకెళ్లడం సంస్థ పని. ఆ పని చేసేది నర్సక్క. తనూ ఒకప్పుడు ఆ రోడ్డు మీద నిలబడ్డ మనిషే. అందుకే అందరూ ఆమె మాట వినేవారు.

నా పని వేరు. ఎంతమంది ఆడవాళ్లున్నారు, వారానికి ఎంతమంది మగవాళ్లు వస్తారు, అందులో ఎన్నిసార్లు కండోమ్ వాడారు, ఇవన్నీ కంప్యూటర్లో పోస్తే అది రెండు గీతలు గీస్తుంది. ఒకటి మేం పనిచేస్తుంటే జబ్బు ఎలా సాగుతోందో చెప్పే గీత. రెండోది మేమే లేకపోతే ఎలా పెరిగేదో చెప్పే గీత. ఆ రెంటి మధ్య ఎడమే మేం కాపాడిన మనుషులు. జబ్బు వచ్చినవాళ్లను ఎవరైనా లెక్కపెడతారు. రానివాళ్లను లెక్కపెట్టడానికి ఈ గీతలు తప్ప దారి లేదు. నాకు ఆ పని మీద నిజంగా ప్రేమ ఉండేది, నమ్మండి.

కండోమ్ ఎన్నిసార్లు వాడారన్నది మనిషిని అడిగి రాసుకునేవాళ్లం. అడిగేది నర్సక్క పక్కన కూర్చుని. అందరూ వాడామనే చెప్పేవారు. వాడలేదంటే నర్సక్కకు మాట వస్తుందని వాళ్ల భయం. ఆమె మీద అభిమానంతో ఆడే అబద్ధం అది. ఆ సంగతి ముందు పసిగట్టిందీ నర్సక్కే. ఒకరోజు మూతి సన్నగా ఉన్న మట్టికుండ ఒకటి తెచ్చి గది మూలన, చీర అడ్డం కట్టి పెట్టింది. వారానికోసారి వచ్చినప్పుడు వాడిన ప్రతిసారికీ ఒక చింతగింజ, వాడని ప్రతిసారికీ ఒక కానుగ గింజ వేయాలి. ఎవరు ఏది వేశారో ఎవరికీ తెలియదు, ఓటు వేసినట్టే. నీ కంప్యూటర్ కంటే నా కుండే నయమని నన్ను ఆటపట్టించేది.

నయమే. మూడు నెలల తర్వాత కుండ బోర్లిస్తే చాప మీద కానుగ గింజలే ఎక్కువ. నర్సక్క వాటిని చేత్తో నిమిరింది. లారీవాళ్లు ఒప్పుకోరని, గట్టిగా అంటే కొడతారని, ఇంకో మనిషి తోడుంటే వాళ్లతో మాట్లాడవచ్చని అంది. ఇది పైవాళ్లకు చెప్పమంది. చెబుతానన్నాను.

కుండ లెక్క కంప్యూటర్లో పోశాను. రెండు గీతలూ ఇంచుమించు అతుక్కుపోయాయి. మేం ఉన్నా లేనట్టే. ఇది పంపితే గది మూసేస్తారు, నర్సక్క పని పోతుంది అనుకున్నాను. ఆ మాట నిజంగా ఆమె కోసమే అనుకున్నానా? లేక ఆ నివేదిక మీద నా పేరుంటుందనా? ఇన్నేళ్లుగా అడుగుతూనే ఉన్నాను, ఒక్కోరోజు ఒక్కో జవాబు వస్తుంది. రెండు లెక్కలూ పెట్టి, తేడా ఎందుకు వచ్చిందో నాలుగు వాక్యాలు రాసి ఉంటే సరిపోయేది. నేను చదువుకున్నదే అందుకు. నేను మనుషులు నోటితో చెప్పిన లెక్క ఒక్కటే పెట్టాను. కుండ ఊసే ఎత్తలేదు.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాది బాగా అతికింది. గీతల మధ్య ఎడం చూసి పెద్దవాళ్లు మెచ్చుకున్నారు. హైదరాబాదు పిలిపించి మాట్లాడించారు. తర్వాత, ఇక్కడ జబ్బు ఇక తగ్గే దారిలో ఉంది, మనుషుల్ని అవసరమున్న చోటికి మార్చుదాం అన్నారు. నా గీత చూసే అన్నారు. గది నిలబెట్టాలని ఆడిన అబద్ధం గదిని మూయించింది.

సామాను ఆటోలో ఎక్కిస్తున్నప్పుడు నర్సక్క కుండను చంకన పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"కుండల లెక్క పెద్దసార్లకు చెప్పినవా చెల్లె?"

"చెప్పానక్కా."

ఆమె కుండను రెండో చంకకు మార్చుకుంది.

"చెప్పినా తీసేస్తున్నరంటే, మేం ఉన్నా పోయినా వాళ్లకు ఒక్కటే అన్నట్టు. పోనీ తియ్. నువ్వైతే చెప్పినవ్ గద."

కంప్యూటర్లో తప్పు లెక్క పెట్టడం ఒక తప్పు. దానికి భయమనో చిన్నతనమనో పేరు పెట్టుకోవచ్చు. ఈ రెండో తప్పుకు నాకు పేరు దొరకదు. లోకం తెలిసి కూడా తమను వదిలేసిందని ఆమె నమ్మింది. అలా నమ్మించింది నేను.

పోయిన ఏడాది ఖమ్మం దవాఖానాలో, హెచ్‌ఐవీ మందులిచ్చే కిటికీ దగ్గర ఆమె కనిపించింది. జుట్టు నెరిసింది. జీతం లేకపోయినా ఇప్పటికీ మనుషుల్ని వెంటబెట్టుకుని వస్తోంది. ఆరోజు ఆమె వెంట ఉన్నది ముప్పై కూడా నిండని ఒక అమ్మాయి. గది మూసేశాక రోడ్డు మీదికి వచ్చిందట. ఆ అమ్మాయికి జబ్బు నా వల్లే వచ్చిందా? ఏ గీతా ఒక మనిషి పేరు చెప్పదు. ఆ సందు నాకు ఉంది. అందులో ఎంత దూరాలని చూసినా పట్టడం లేదు.

నర్సక్క నా చెయ్యి పట్టుకుని ఆ అమ్మాయికి చూపించింది. మన గింజల సంగతి పెద్దోళ్ల దాకా తీసుకపోయింది ఈమెనే అని చెప్పింది. ఆ అమ్మాయి మందుల కవరు చంకలో ఇరికించుకుని నాకు రెండు చేతులా దండం పెట్టింది. నేనూ తిరిగి దండం పెట్టాను. అంతే చేశాను.

ఆ కుండ లెక్క రాసుకున్న కాగితం నా దగ్గర ఇంకా ఉంది. మొన్న మళ్లీ కంప్యూటర్లో పోసి చూశాను. పది నిమిషాల పని. గీతలు అప్పటిలాగే అతుక్కున్నాయి. కాకపోతే అప్పుడు నేను వాటి మధ్య ఎడమే చూశాను, అవి ఎటు పోతున్నాయో చూడలేదు. రెండూ పైకి పోతున్నాయి. గది మూయకండి, ఇంకో మనిషిని ఇవ్వండి అని అడగడానికి అంతకంటే ఏం కావాలి? నర్సక్క చెప్పమన్నదీ అదే.

నర్సక్కకు చదవడం రాదు. అందుకే ఇదంతా రాయగలిగాను. అదీ ఒప్పుకుంటున్నాను. క్షమించమని అడగను, అడిగితే ఆమె క్షమిస్తుందనే భయం. కానీ మీలో ఎవరైనా ఆమెను ఎరిగినవాళ్లుంటే, అంతా చదవక్కర్లేదు, ఈ ఒక్క ముక్క వినిపించండి. పెద్దసార్లు తెలిసి వదిలేయలేదక్కా. వాళ్లకు తెలియదు. నేను చెప్పలేదు.