మునగ చెట్టెక్కిన మా సంసారం

నవ్వనని ముందు మాటివ్వండి, అప్పుడే చెప్తాను. పోయిన ఆదివారం నుంచి మా వాషర్‌మెన్‌పేట వీధిలో నేను తలెత్తుకుని నడవలేకపోతున్నాను! కూరగాయల బండివాడు నన్ను చూడగానే నవ్వుతాడు. ఎదురింటి దర్జీ అయితే నేను కనబడితే మిషను ఆపేసి మరీ నవ్వుతాడు. ఇంతకీ ఏమైందంటారా? మా చిట్టి బర్త్‌డేకి పిల్లలకి ఏదైనా వినోదం ఏర్పాటు చేద్దామనుకున్నాం. చేశాం. వీధి వీధంతా వినోదించింది.

మామూలుగా మన ఇళ్ళల్లో పుట్టినరోజంటే ఏముంటుంది? తలంటు, కొత్త గౌను, పాయసం, గుడికి పోయి రావడం. నేనూ అదే అనుకున్నాను. కానీ మా ఆయన తను పనిచేసే జార్జి టౌన్ కంపెనీ మేనేజరు కూతురి పార్టీకి చిట్టిని తీసుకుపోయాడు. అక్కడ కేకట, కాగితం టోపీలట, ఎవరో సూటు వేసుకున్నాయన టోపీలోంచి పావురాన్ని తీశాడట! అంతే, చిట్టికి ఒకటే పాట. "నా బర్త్‌డేకి ఏం చూపిస్తారు?" మమ్మల్ని ఒక్క మాటైనా అడక్కుండా క్లాసు పిల్లలందర్నీ పిలిచేసింది కూడాను. "మా ఇంట్లో ఇంకా పెద్దది చూపిస్తారు" అని చెప్పిందట. ఇక మా అవస్థ చూడండి.

"మేజిక్కాయన్ని పిలుద్దామా?" అన్నాను.

"వాడు వచ్చీ రాగానే వాచీ అడగతాడే. మనకుండేది ఒకటే వాచీ," అన్నాడు మా ఆయన.

"కోతులాడించే వాడు?"

"పోయినసారి వాడి కోతి పోస్టుమాన్ కళ్ళద్దాలు ఎత్తుకోని మిద్దెక్కలా? వొద్దు."

"పోనీ తోలుబొమ్మలు?"

"తెల్లార్లూ ఆడతారు. పిల్లకాయలంతా ఈడనే నిద్రపోతారు. ఎవురు మోసేది ఇళ్ళకి?"

కాసేపు ఆలోచించి తొడ చరిచాడు. "మైకు సెట్టు! పిల్లకాయలు ఒక్కొక్కరే వచ్చి మైకులో పాడతారు, నడమధ్యలో రికార్డులు. ఈ వీధిలో ఏ బర్త్‌డేకీ మైకు పెట్టలా. సరియా?"

సరే అన్నాను. చిట్టి ఎగిరి గంతేసింది. ఆ రోజు నుంచి చెంబు మూతి దగ్గర పెట్టుకుని ఒకటే పాటలు. నాకు మంచినీళ్ళు తాగడానికి చెంబు దొరికితే ఒట్టు!

అయితే మైకుకి కరెంటు కావాలి, పిల్లలకి చోటు కావాలి. మాదేమో వెనక పోర్షను, ఒక గదీ ఒక వంటిల్లూను. కరెంటు ప్లగ్గూ పెద్ద హాలూ రెండూ ఉన్నది ముందు భాగంలో, ఇంటి ఓనరమ్మ దగ్గరే.

ఆమె సంగతి చెప్పాలి మీకు. తమిళామె. పెద్దావిడ, భర్త పోయాడు, కొడుకు కోయంబత్తూరులో ఉంటాడు. వీధిలో అందరం పాటీ అంటాం, అమ్మమ్మ అన్నట్టు. పొద్దున్నే వీధరుగు మీద కూర్చుందంటే దీపాలు పెట్టే దాకా లేవదు. ఎవరు గడప దాటినా "ఎంగే పోరే?" ఎక్కడికి పోతున్నావని! చేతిలో సంచీ ఉంటే "పైలే ఎన్న?" దాంట్లో ఏముందని! ప్రతిదీ ఆరా తీస్తుందని మా ఆయనా నేనూ ఆమెకి ఆరాలమ్మ అని పేరు పెట్టుకున్నాం. ఆమె ఎదురుగానే అనేవాళ్ళం. తెలుగు రాదు కదా! పెళ్ళయి ఈ ఇంట్లో చేరినప్పటి నుంచీ మాకదే పెద్ద సుఖం. ఆమె గదికీ మాకూ మధ్య చెక్క పలకల గోడే, అయినా ఏమైనా మాట్లాడుకోవచ్చు, ఎంతైనా పోట్లాడుకోవచ్చు.

ఇంకో సంగతి. ఆ ఇంట్లో చేరాక నాకు దేవుడి దయ కూడా బాగా కలిసొచ్చింది. చిట్టి కడుపులో ఉన్నప్పుడు పుల్లమామిడికాయ తినాలనుందని మా ఆయన దగ్గర గునిశాను. మర్నాడే పాటీ చుట్టాలు పంపారంటూ ఒళ్ళో మామిడికాయలు పోసింది. పాటీ కొళాయికి తొందరగా తాళం వేసేస్తోందని ఏడ్చాను. ఆ వారంలోనే తాళం మాయమైంది. మా ఆయన ఊళ్ళో లేనప్పుడు చిట్టికి జ్వరం ముంచుకొస్తే, వెంకటేశ్వరస్వామి పటం ముందు కూర్చుని పైకే మొరపెట్టుకున్నాను. కాసేపట్లో పాటీ డాక్టర్ని వెంటబెట్టుకుని వచ్చింది! ప్రతిసారీ స్వామికి కర్పూరం వెలిగించి దణ్ణం పెట్టుకునేదాన్ని.

పాటీ పార్టీకి హాలిచ్చింది, కరెంటూ ఇచ్చింది. వాకిట్లో మునగ చెట్టుకి స్పీకరు కట్టుకోవచ్చంది, కానీ ఒక్క కొమ్మ విరిగినా ఊరుకోనంది. అంటే పార్టీ మొత్తం ఆమె చేతిలోనే ఉంది. ఆమెకి కోపం వస్తే ప్లగ్గు పీకడం ఎంతసేపు? ఆ తర్వాత ఇల్లు ఖాళీ చెయ్యమనడం ఎంతసేపు?

ఆదివారం మధ్యాహ్నం మైకు సెట్టు ఏలుమలై వచ్చాడు. పెద్ద బాకా స్పీకరుని మునగ చెట్టుకి, వీధి వైపు మూతి పెట్టి కట్టాడు. సెట్టు హాల్లో పెట్టి, మైకుని మాత్రం పిల్లలు పీకేస్తారని పొడుగు వైరుతో మా గదిలోకి తెచ్చి, వంటింటి గుమ్మం పక్కన స్టూలు మీద పెట్టాడు. "హలో, హలో" అన్నాడు. ఉలుకూ లేదు పలుకూ లేదు. "సెట్టు సూడెక్కాలమ్మా, వేడి పట్టేదానికి టైమ్ పడతాది" అని, అంతలోనే నెత్తి కొట్టుకున్నాడు. రికార్డుల పెట్టె అంగట్లో మరిచిపోయాడట! సైకిలెక్కి పోయాడు.

నేను పంపు స్టవ్వు వెలిగించి బోండాలకి కూర్చున్నాను. ఆ స్టవ్వు మోత మీకు తెలుసుగా, పక్కన పిడుగు పడ్డా వినబడదు. మా ఆయన నెత్తిన కాగితం టోపీ పెట్టుకుని, చెమటలు కక్కుతూ వచ్చాడు. ఆ మోతలో ఇద్దరం అరుచుకుంటేనే గానీ మాటలు వినబడవు.

"ఉప్పు ఏసినావా?" అని అరిచాడు.

"మీ అమ్మ రసంలో కంటే ఎక్కువే ఏసినాలే!" అని నేనూ అరిచాను.

"మా అమ్మ జోలికి రావద్దు! మీ నాయన మన పెండ్లికి పెట్టిన బోండాలు ఇప్పటికీ అరగలా నాకు!"

"ఆ మైకు మోగతాదా అసలు? మీరు తెచ్చింది ఏది మోగింది? గడియారం మోగిందా? సైకిలు బెల్లు మోగిందా?"

"పిల్లకాయల కంటే ముందు ఆరాలమ్మకి పెట్టు బోండాలు. లేకపోతే కరెంటు పీకేస్తాది!"

ఆ మాటకి నాకు హుషారొచ్చింది. గరిటె నడుముకి ఆనించుకుని, పాటీ గొంతు పెట్టి "ఎంగే పోరే? పైలే ఎన్న? బోండాలే ఎన్న?" అని సాగదీశాను. మా ఆయన పడీపడీ నవ్వాడు. ఆ నవ్వు చూసి ఇంకా రెచ్చిపోయి, ఆమె మధ్యాహ్నం తీసే గురక కూడా తీసి చూపించాను. "హార్బర్లోకి ఓడ వచ్చినట్టుండాదే!" అని ఆయన చప్పట్లు కొట్టాడు.

అప్పుడు వాకిట్లో స్నేహితులతో ఆడుతున్న చిట్టి పరుగెత్తుకొచ్చింది. "అమ్మా! నాన్నా! మీరు మునగ చెట్టులోంచి మాట్లాడతా ఉండారు!"

స్టవ్వు ఆపాను. "ఏందే?" అన్నాను.

వీధిలోంచి నా గొంతే పదింతలై "ఏందే?" అంది.

మా ఆయన "అయ్యో!" అన్నాడు. చెట్టు "అయ్యో!" అంది. బయట వీధంతా గొల్లుమంది. మేం చూడకుండానే ఆ సెట్టు తీరిగ్గా వేడెక్కి, బోండాల దగ్గర్నుంచి గురక దాకా అన్నీ ఊదిపెట్టింది! ఎవరైనా పొగిడితే మునగ చెట్టెక్కుతారు, మేం మాత్రం తిట్టుకుంటూ ఎక్కాం. మా ఆయనకి స్విచ్చి ఎక్కడుందో తెలియదు. "ఏలుమలై!" అని కేకేశాడు, చెట్టూ కేకేసింది. చివరికి మైకు మీద దిండు వేసి, దాని మీద కూర్చున్నాడు.

చిట్టి మొహం మాడ్చుకుంది. "ఎందుకాపినారు? అందరూ నవ్వతా ఉండారు. పావురం కంటే ఇదే బాగుందంట!"

నేను మా ఆయన వైపు తిరిగాను. "పాటీ విని ఉంటాదండీ..."

"ఆమెకి తెలుగు రాదు కదే," అని మా ఆయన గుసగుసలాడాడు.

"ఎంగే పోరే అన్నది తెలుగా? గురక తెలుగా?"

హాల్లోంచి అడుగుల చప్పుడు. వచ్చేసింది! ఇప్పుడు కరెంటు పోతుంది, పిల్లలు ఇళ్ళకి పోతారు, నా బిడ్డ ఏడుస్తుంది, రేపు మేం మూటలు సర్దుకోవాలి. నిజంగా ఏడుపొచ్చేసింది నాకు.

పాటీ గుమ్మంలో నిలబడింది. దిండు మీద కాగితం టోపీతో కూర్చున్న మా ఆయన్ని చూసింది. నా చేతిలో గరిటెని చూసింది. అప్పుడు నోరు తెరిచి, చక్కటి తెలుగులో అడిగింది.

"ఆరాలమ్మకి నైవేద్యం ఏదమ్మే?"

"పాటీ... మీకు తెలుగు..."

"మా అమ్మది గూడూరు. పెండ్లయ్యే దాకా ఆడనే పెరిగినా. ఈడికి కోడలుగా వచ్చినాక తెలుగులో పలకరించే దిక్కే లేకపాయె."

"మరి ఇన్నాళ్ళూ ఒక్క మాటైనా చెప్పలేదే!"

"చెప్తే మీరు గుసగుసలు మొదలుపెడతారు. మా అమ్మ మాట్లాడినట్టే ఉంటాది మీ మాట. ఆ గోడ అవతల నుంచి అది వినబడితేనే నాకు పొద్దు గడిచేది. చేతులారా ఎందుకు పోగొట్టుకోవాల?"

అప్పుడు వెలిగింది నాకు. మామిడికాయలు! కొళాయి తాళం! డాక్టరు!

"అయితే ఆ మామిడికాయలు పంపిన చుట్టాలు..."

"చుట్టాలూ లేరు, గిట్టాలూ లేరు. మార్కెట్టుకి మనిషిని పంపి తెప్పించినా." పటం వైపు చెయ్యి చూపించింది. "నువ్వేమో కర్పూరం ఆయనకి వెలిగిస్తివి!"

నేను ఆమె చేతులు పట్టుకుని బోరుమన్నాను. సిగ్గుతో కొంత, ప్రేమతో కొంత. ఆమె నా తల నిమిరి, నాలుగు బోండాలు పళ్ళెంలో వేసుకుని "ఉప్పు తక్కువే" అంది.

ఏలుమలై రికార్డుల పెట్టెతో తిరిగొచ్చేసరికి రికార్డులు ఎవరికీ అక్కర్లేదు. చిట్టి పాట పాడింది, పిల్లలు చప్పట్లు కొట్టి "ఆ కొట్లాట మళ్ళా పెట్టండి!" అని గోల చేశారు. అప్పుడు పాటీ లేచి మైకు అందుకుని, "మీరు తెచ్చింది ఏది మోగింది? గడియారం మోగిందా?" అని నా గొంతు దించేసింది చూడండి! అచ్చు నేనే! ఇన్నేళ్ళ సాధన మరి. పిల్లలు నేల మీద పడి దొర్లారు. క్లాసు మొత్తంలో మా చిట్టి పార్టీయే పెద్దదని తీర్మానమైపోయింది. చిట్టి ఆ రాత్రి నవ్వుతూనే నిద్రపోయింది.

అంతా బాగానే ఉంది గానీ, ఇప్పుడు మాకొచ్చిన కష్టమేమిటంటే, పోట్లాడుకోవడానికి భాష లేదు! గొంతు తగ్గించామా, పలకల గోడ అవతల నుంచి "గట్టిగా మాట్లాడండమ్మా, వినబడలా" అంటుంది పాటీ.

ఇలా కాదని, మొన్న చిట్టిని పాటీ దగ్గర వదిలి, ట్రామెక్కి బీచికి పోయాం, పోట్లాడుకోవడానికే! ఇసకలో కూర్చుని హాయిగా మొదలుపెట్టాం. సుండలు, అదే ఉడికించిన శనగలు, అమ్మేవాడు తట్ట దించి, మా ముందు గొంతుక్కూర్చుని, నా మొహం వంకే చూస్తున్నాడు.

"ఏమబ్బా, ఏంది చూస్తా ఉండావు?" అన్నాను.

"ఈ గొంతు యాడనో విన్నానే అనుకుంటా ఉండా," అన్నాడు వాడు తెలుగులో. "వాషర్‌మెన్‌పేట మునగ చెట్టు మీరే కదమ్మా? ఆ గురక ఒక్కసారి తియ్యండి, మా ఇంటిదానికి చెప్తే నమ్మడంలా!"