హార్మోనియంతో దిద్దిన గిటారు

ఈ ఉదయం కాఫీ తాగుతూ మా తమ్ముడి కొత్త ఆల్బమ్‌ను ఫోనులో మొదటి నుంచి చివరిదాకా మళ్ళీ విన్నాను. తొమ్మిది పాటలు. వెతికి వెతికి విన్నా ఒక్క తప్పు దొరకలేదు. నాకు డెబ్బై ఎనిమిదేళ్ళు. ఎవరు ఎక్కడ తప్పు చేస్తారా అని చూస్తూనే ఇంత వయసు తెచ్చుకున్నదాన్ని. అలాంటి నేను, తప్పు దొరకనందుకు సిగ్గుపడి ఫోను బోర్లించి పెట్టడం ఇదే మొదటిసారి.

తమ్ముడు నాకన్నా ఆరేళ్ళు చిన్న. ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తాడు. తమిళనాడులో మా రాజపాళయంలో ఈ మాట చెబితే ఇప్పటికీ ఎదుటివాళ్ళు ఒక్క క్షణం ఆగి, "సరి, పనేమి చేస్తాడు?" అని అడుగుతారు. వయసులో ఉన్నప్పుడు వాడొక పాటకచ్చేరీ బృందంలో ఉండేవాడు. సేత్తూరులో తిరునాళ్ళయినా, సత్రపట్టిలో పెళ్ళయినా, గిటార్లూ డ్రమ్ములూ బీరువా అంత స్పీకర్లూ బస్సు మీద కట్టుకుని పోయేవాళ్ళు. జనం అడిగేది సినిమా పాటలే. గాయకుడు కాఫీకి దిగిన సందులో మాత్రం మావాడు తనకిష్టమైనది వాయించుకునేవాడు. దాన్ని బ్లూస్ అంటారు. అమెరికాలో పత్తి చేలల్లో చాకిరీ చేసిన నల్లవాళ్ళ పాటట. "పత్తి మనకీ ఉండాది గదక్కా," అనేవాడు. పత్తి సంగతి నాకు తెలియకపోవడమేమిటి, మిల్లు ఆఫీసులో లెక్కలు చూసినదాన్ని. పత్తికయితే బేళ్ళ లెక్క ఉంటుంది. వాడి పాటకు ఏ లెక్కా నాకు కనిపించేది కాదు. తరవాత మద్రాసు హోటళ్ళలో, బెంగుళూరు క్లబ్బుల్లో వాయించి వాయించి, నెరిసిన తలతో ఊరికి తిరిగొచ్చి మా పక్క వీధిలో ఒక్కడే ఉంటున్నాడు. పెళ్ళి చేసుకోలేదు. క్యాసెట్ల కాలంలో వాడి పేరుతో ఒక ఆల్బమ్ వచ్చింది. వేళ్ళు వణకడం మొదలుపెట్టకముందే ఇంకొక్కటి చేయాలని వాడి ఆశ. దానికి మించి వాడు ఏదీ కోరుకోగా నేను చూడలేదు.

ఈ వేసవిలో అది కుదిరింది. మదురై నుంచి ఒక రికార్డింగ్ అమ్మాయి తన సరంజామాతో వచ్చింది. ప్రతిధ్వని రాకుండా వాడి ఇంటి వెనక గదిలో, సత్రపట్టిలో నేసే ఆసుపత్రి కట్టుగుడ్డను మడతలు మడతలుగా గోడలకు వేలాడదీశారు. "గదికి ఏమి దెబ్బ తగిలిందిరా?" అని అడిగాను. "ఇంకా తగల్లేదక్కా, వాయించినంక తగుల్తుంది," అన్నాడు. అంత సంతోషంగా వాడు మాట్లాడి ఎన్నాళ్ళయిందో.

వాయించడం అంతా అయ్యాక నన్ను వినడానికి రమ్మన్నాడు. చిన్నప్పుడు వాడికి సరిగమలు నేర్పింది నేనే, మా ఇంటి హార్మోనియం మీద. భజనల్లో కూడా నేనే వాయించేదాన్ని. హార్మోనియం బుద్ధిగల వాద్యం. మెట్టు నొక్కితే ఆ స్వరమే పలుకుతుంది. పక్కకు జారదు, మూలగదు. నా స్వభావానికి సరిగ్గా సరిపోయింది. దాన్ని ఆటోలో వేసుకుని మరీ వెళ్ళాను. ఇప్పుడు తలచుకుంటే ఆ ఆటో దారి తప్పి తళవాయిపురం పోయి ఉంటే ఎంత బాగుండేది అనిపిస్తుంది. కంప్యూటరు పక్కన హార్మోనియం పెట్టుకుని, ప్రతి పాటా ఆపించి ఆపించి విన్నాను. ఇక్కడ గాంధారం తక్కువైంది అన్నాను. ఇక్కడ తీగ లాగావు గానీ స్వరం అందలేదు అన్నాను. ఇక్కడ తాళానికి వెనకబడ్డావు అన్నాను. వాడు తీగను వేలితో పక్కకు నెట్టి, రెండు మెట్లకు నడుమ ఎక్కడో స్వరాన్ని నిలబెడతాడు. హార్మోనియంలో ఆ చోటు లేదు. లేదు గనక తప్పే అనుకున్నాను. ఆ అమ్మాయి నెమ్మదిగా, "పాట్టీ, అదు అప్పడిదాన్ ఇరుక్కణుం," అంది. అవ్వా, అది అలాగే ఉండాలి అని. "నువ్వు పుట్టకముందు నుంచి భజన చేస్తా ఉండాను, నాకా చెప్తావు?" అన్నాను. వంగిన స్వరాన్ని పట్టుకుని కంప్యూటరులో నిటారుగా నిలబెట్టవచ్చని కూడా ఆ పిల్ల నోటితోనే చెప్పించి, అన్నీ అలాగే దిద్దమన్నాను. తమ్ముడు గిటారు ఒళ్ళో పెట్టుకుని గుడ్డతో తీగలు తుడుస్తున్నాడు. ఆ అమ్మాయి వాడివైపు చూసింది. వాడు తల ఎత్తకుండానే ఊపాడు.

పోయిన వారం ఆల్బమ్ బయటికి వచ్చింది. నిన్న సాయంత్రం తమ్ముడి పాత స్నేహితుడు తళవాయిపురం బస్సు దిగి నేరుగా వాడి ఇంటికి వచ్చాడు. ఆ పాటకచ్చేరీ బృందంలో డ్రమ్స్ వాయించినవాడు. ఇప్పుడు మోకాళ్ళు వంగవు గానీ నోటికి ఇంకా వయసు రాలేదు. నేనూ అక్కడే ఉన్నాను, లోపల కాఫీ కలుపుతున్నాను. ఆయన ఫోనులో రెండు పాటలు విని, "బాగుండాదప్పా. ఎవురీ పిల్లోడు? నీ దగ్గర నేర్చుకున్నాడా?" అన్నాడు.

"నేనేరా," అన్నాడు తమ్ముడు.

ఆయన ఫోను మళ్ళీ చెవికి ఆనించుకున్నాడు. "నువ్వా? ఇస్కూలు ఫోటోకి నూనె పెట్టి తల దువ్వినట్ల ఉండాదే! నువ్వు ఏడిపించే చోటంతా యాడికి పోయె? ఎవుడు చేసినాడు ఈ పని?"

నేను చెంచా తిప్పడం ఆపేశాను.

"నేనే చెప్పి చేయించినాను. ఇప్పటి పిలకాయలకి ఇట్లయితేనే నచ్చుతుంది," అన్నాడు తమ్ముడు.

"పోనీలే. నీకూ వయసయింది," అన్నాడు ఆయన, వాడి భుజం మీద చెయ్యి వేసి. తమ్ముడు ఆ మాట కూడా నవ్వి మీద వేసుకున్నాడు. నేను గ్లాసులు తెచ్చి ఇద్దరి ముందూ పెట్టాను. చక్కెర సరిపోయిందా అని అడిగాను. ఆ పని చేయించింది నేనని చెప్పకుండానే లోపలికి వెళ్ళిపోయాను.

అందుకే ఈ ఉదయం ఫోను బోర్లించాక, మళ్ళీ దాన్నే తిప్పి మదురై అమ్మాయితో మాట్లాడాను. మొదట వాయించినవన్నీ భద్రంగా ఉన్నాయట. సార్ సరేనంటే వీటిని తీసేసి వాటిని పెట్టేస్తానంది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే కొంచెం తేలికపడేదాన్ని.

వెంటనే తమ్ముడి ఇంటికి వెళ్ళాను. వాకిట్లో కూర్చుని ఎడమచేతి గోళ్ళు కత్తిరించుకుంటున్నాడు. నిలబడే చెప్పాను: "రేయ్, నేను చెప్పింది తప్పు. తెలియనిదాంట్లో చెయ్యి పెట్టినాను. నువ్వు వాయించింది వాయించినట్ల పెట్టమను. ఆ పిల్ల దగ్గర ఉండాది."

"సరి అక్కా," అన్నాడు వెంటనే. "నువ్వు చెప్తే అట్లనే చేద్దాం."

నిన్నటి సిగ్గు దీని ముందు ఏపాటిది! వాడి పాటను వాడికి తిరిగి ఇవ్వడం కూడా నా ఆజ్ఞ ప్రకారమే జరగబోతోంది. "నేను చెప్తే కాదురా. నీకు ఏది కావాల?" అన్నాను.

"నాకా?" అన్నాడు. ఏ జవాబు సరైనదో నా ముఖంలో వెతకసాగాడు. డెబ్బై రెండేళ్ళ మనిషి. వాడికి నా ముఖం కనిపించకుండా పక్కన కూర్చుని వీధివైపు తిరిగాను. పాలవాడి బండి పోయింది. మెయిన్ రోడ్డు మీద సేత్తూరు బస్సు హారను కొట్టింది. ఏదో ఒకటి చెప్పి తొందరపెట్టాలని నా నాలుక దురదపెడుతూనే ఉంది.

చాలాసేపటికి వాడు, "ఆ నాలుగో పాటలో తాళానికి వెనకబడినానంటివే," అన్నాడు. "వెనకబడింది కాదక్కా. నేనే ఆపినాను. అదే నాకు కావాల్సింది."

సిగ్గుతో నేను వాడివైపు తిరగలేకపోయాను. ఆరేళ్ళు ముందు పుట్టినందుకు కాలం నా లెక్క ప్రకారమే నడుస్తోందనుకున్నాను; వాడి కాలం ఇన్నేళ్ళూ నా పక్కనే వేరుగా నడుస్తూ వచ్చిందని, నేను నోరు మూసుకున్న ఆ కాసేపట్లోనే తెలిసింది.