చిగురు ముందు వేసిన పప్పు

నా చిన్నప్పుడు నాచారంలో మధ్యాహ్నం సరిగ్గా రెండు గంటలకు ఫ్యాక్టరీ సైరన్ మోగేది. మొదటి షిఫ్టు దిగిందన్నమాట. మా వరుస ఇళ్లలో చాలామందికి గడియారంతో పని ఉండేది కాదు. సైరన్ విని ఆడవాళ్లు ఎసరు పెట్టేవాళ్లు, పిల్లలం వీధి చివరిదాకా పరుగెత్తేవాళ్లం. కాసేపటికి పక్కింటి అక్క టిఫిన్ డబ్బా ఊపుకుంటూ వచ్చేది. ఆమె మందుల ఫ్యాక్టరీలో సీసాలకు లేబుళ్లు అంటించే పని చేసేది. చేతివేళ్లకు ఎప్పుడూ జిగురు ఎండి ఉండేది. దాన్ని గిల్లి పొరలు పొరలుగా తీయడం మా తమ్ముడికి సరదా. ఆమె నడుస్తూనే వాడికి చెయ్యి ఇచ్చేసేది.

ఆ ఏడు శివరాత్రి వెళ్లింది, కాముని పున్నమి ఇంకా రాలేదు. అమ్మ కాన్పుకు వెళ్లి ఒక్కతే తిరిగి వచ్చింది. చెల్లెలు పుట్టిందని బాపు చెప్పాడు. మర్నాడు పోయిందని కూడా ఆయనే చెప్పాడు. నాకు తొమ్మిదేళ్లు, తమ్ముడికి నాలుగు. మేము చెల్లెల్ని చూడలేదు. చూడని మనిషి కోసం ఏడవడం మాకు తెలియలేదు. అమ్మను చూసి మాత్రం భయపడ్డాం.

అమ్మ లోపలి గదిలో, కిటికీ కింద గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె రవిక ముందు భాగం తడిసిపోతుండేది. ఎవరో ఒకరు వచ్చి గుడ్డ బిగించి కట్టి వెళ్లేవాళ్లు. ఎందుకో నాకు అప్పుడు తెలియదు. బాపు షిఫ్టుకు వెళ్లక తప్పలేదు. ఇరుగుపొరుగు వాళ్లు వంతులు వేసుకుని అన్నం పంపారు. మేము తిన్నాం. అమ్మ ముందు పెట్టిన కంచం పెట్టినట్టే ఉండేది. సాయంత్రం దాన్ని నేనే తీసేదాన్ని. వచ్చినవాళ్లు మళ్లీ పుడతారన్నారు, దేవుడి ఇష్టమన్నారు, ఉన్న ఇద్దరిని చూసుకోమన్నారు. అమ్మ ఎవరికీ జవాబు చెప్పలేదు.

ఒక సాయంత్రం నల్లా దగ్గర ఎవరో అంటుంటే విన్నాను. "ఇట్లనే తినకుంట కూసుంటే మనిషి దక్కదు." ఆ మాట తమ్ముడికి చెప్పలేదు. సగం నిండిన బిందెతోనే ఇంటికి వచ్చి, అమ్మ ఊపిరి తీస్తోందో లేదో గుమ్మంలో నిలబడి చూశాను. ఆ రాత్రి నుంచి అది నాకు అలవాటైపోయింది.

పక్కింటి అక్క ఒక్కతే ఓదార్చడానికి రాలేదు. రాకపోవడం అందరూ గమనించారు. ఒక రోజు షిఫ్టు దిగి, చేతిలో డబ్బా ఇంట్లో పెట్టకుండానే మా వాకిట్లోకి వచ్చి మూడు ఇటుకలు పేర్చింది. సరిగ్గా అమ్మ కూర్చున్న కిటికీకి ఎదురుగా.

"గురుగులు పట్టుకరాండ్రి పిల్లలూ. ఇయ్యాల ఉత్తుత్తి వంట కాదు. నిజమైన వంట జేద్దాం."

గురుగులంటే పిల్లలు ఆడుకునే చిన్న మట్టి కుండలు. ఉప్పల్ అంగడిలో బాపు కొన్నవి మాకు ఉండేవి. ఇసుకను అన్నమని, ఆకులను కూరని వండి వడ్డించుకోవడం మా ఆట. నిజంగా నిప్పు పెడతారంటే చుట్టుపక్కల పిల్లలంతా చేరారు. అక్క అన్నిటికన్నా పెద్ద గురిగి తీసి కందిపప్పు పోసింది. ఫ్యాక్టరీలో పారేసిన పెట్టెల చెక్కలు విరిచి పొయ్యి ముట్టించింది. మమ్మల్ని చింతచిగురుకు పంపింది. ఉప్పల్ వెళ్లే బాటలో అప్పుడు ద్రాక్షతోటలు ఉండేవి. ఒక తోట కంచె వారగా ఉన్న చింతచెట్టుకు కింది కొమ్మల్లో లేత చిగురు అప్పుడప్పుడే వస్తోంది. తమ్ముడు కోసినదాంట్లో సగం నోట్లో వేసుకుని, సగం నిక్కరు జేబులో కుక్కుకుని తెచ్చాడు.

"చిగురు ఎప్పుడేద్దాం?" అని అక్క వాణ్నే అడిగింది.

"ఇప్పుడే!"

"ఎయ్యి మరి. ఇయ్యాల నువ్వే వంటమేస్త్రివి."

నేను ఆగమన్నాను. పప్పు మెత్తబడ్డాకే అమ్మ చిగురు వేసేదని నాకు తెలుసు. అక్క నావైపు చూడకుండానే "నీకేమెర్క, ఊకో" అంది. తర్వాత మెడ ఎత్తి కిటికీ వైపు గట్టిగా అడిగింది.

"చిన్నమ్మా, చిగురు ముందుగాల్నే ఏసినం! ఏం గాదు గదా?"

లోపలి నుంచి ఏ మాటా రాలేదు. అక్క కొంచెంసేపు అలాగే చూసి, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని లేచింది.

పప్పు ఉడికేలోగా ఆడుకుందామంది. నేల మీద గళ్లు గీసి తొక్కుడుబిళ్ల ఆడాం. ఆమె కూడా కుంటింది. గీత తొక్కి తొక్కలేదని దబాయించింది. "తొండి, తొండి" అని పిల్లలు ఆమె వెంటపడ్డారు. చలి పోయింది, ఎండ ఇంకా ముదరలేదు. ఎంతసేపు పరుగెత్తినా అలసట రాని రోజులవి. ఆట మధ్యలో తమ్ముడు మాటిమాటికీ పొయ్యి దగ్గరికి వెళ్లి, పుల్లతో ఒక పలుకు బయటికి లాగి వేళ్లతో నొక్కి చూసేవాడు. "ఇంక ఉడకలే!" అని అరిచేవాడు. ఎదురింటి నీడ మా వాకిలి మీదికి వచ్చింది. పప్పు మాత్రం ఉడకలేదు.

పులుపు పడ్డాక కందిపప్పు మెత్తబడదు. ఎంత కాచినా పలుకు పలుకుగానే ఉంటుంది. వంట చేసేవాళ్లందరికీ తెలిసిన సంగతే అది. ఆ పప్పునే అక్క అన్నంలో కలిపి అందరికీ తలో ముద్ద పెట్టింది. తమ్ముడు ఉమ్మేశాడు.

"పప్పు కాదిది. కంకర!"

అక్క తన ముద్ద పూర్తిగా నమిలి మింగింది. "మంచిగనే ఉన్నది పో. పండ్లు గట్టివడ్తయి" అంది.

మర్నాడు సైరన్ మోగాక మళ్లీ వచ్చింది. అవే ఇటుకలు, అదే పప్పు, చిగురు మళ్లీ ముందే. "మళ్ల గదేనా అక్కా!" అని పిల్లలు గోల చేశారు. ఎదురింటి పిల్లవాడు ముందుజాగ్రత్తగా ఇంటి నుంచి రొట్టె తెచ్చుకుని జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాతి రోజూ అంతే. ప్రతిసారీ అక్క కిటికీ వైపు తిరిగి అదే మాట అడిగేది. జవాబు కోసం కొంచెంసేపు ఆగేది. తర్వాత మాతో ఆటకు వచ్చేది. నాకు ఆమె మీద కోపం వచ్చింది. ఇంట్లో అమ్మ అలా ఉంటే ఈమెకు ఈ నవ్వులేమిటి, ఈ కుంటడమేమిటి అనుకున్నాను. ఆటలో ఉన్నంతసేపూ నా చూపు కిటికీ మీదే ఉండేది.

ఒక రోజు తమ్ముడు పక్కవాళ్లు పంపిన అన్నం తిననని మొండికేశాడు. మధ్యాహ్నానికి ఆకలి మీద ఉన్నాడు. పప్పు నొక్కి చూశాడు, పుల్ల విసిరేశాడు, కిటికీ చువ్వలు పట్టుకుని అరుగు మీదికి ఎక్కాడు.

"అమ్మా, ఈ పప్పు ఉడుకుతనే లేదే! నువ్వన్న రాయే!"

ఏడుస్తూనే, ఆకులో చల్లారబెట్టిన పప్పు గుప్పెడు నోట్లో వేసుకుని నమిలాడు. ఆ కరకర నాకు వినిపించింది. చువ్వల అవతల అమ్మకూ వినిపించి ఉంటుంది.

కాసేపటికి అమ్మ గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. వెలుతురుకు కళ్లు చిట్లించింది. అంత సన్నబడిందని అప్పటిదాకా నాకు తెలియలేదు.

"చిగురు ఎవరేసిన్రు?"

తమ్ముడు ఏడుపు ఆపాడు.

"పప్పు ఉడకకముందే పులుపేస్తరానే? పొద్దుందాక మంట వెట్టినా ఉడకది. ఇంత పెద్దదానివైనవు, గింత గూడ ఎర్కలేదా నీకు?" అంది అక్కతో.

"నాకేమెర్క చిన్నమ్మా? మా అత్త నన్ను పొయ్యికాడికి రానిస్తదా?"

"పోరగాండ్లకు రాళ్లు తినవెడ్తున్నవు."

"మరి నువ్వు జేసి సూపెట్టరాదు!"

అమ్మ వచ్చి పొయ్యి దగ్గర కూర్చుంది. కూర్చోవడానికి అక్క భుజం పట్టుకోవలసి వచ్చింది. ఆ పప్పు పారబోయించి కొత్త పప్పు పోయించింది. చిగురును అరచేతుల మధ్య నలిపి, ఈనెలు ఏరి, పక్కన పెట్టుకుంది. పప్పు మెత్తబడేదాకా దాన్ని ఎవరినీ ముట్టనివ్వలేదు. తమ్ముడు ఆమె మోకాలికి ఆనుకుని పొయ్యికి కాపలా కాశాడు. ఆ సాయంత్రం అందరికీ అమ్మే ముద్దలు పెట్టింది. గురిగి అడుగున మిగిలింది అక్క తీసి ఆమె చేతిలో పెట్టింది. అమ్మ దాన్ని కాసేపు చూసి తిన్నది. నేను ఆమె గొంతునే చూస్తూ కూర్చున్నాను. ముద్ద దిగింది.

ఆ రోజుతో అమ్మ మామూలు మనిషి అయిందని చెప్పను. మర్నాడు గదిలోంచి రాలేదు. ఆ మర్నాడు వచ్చింది. ఎండలు ముదిరేదాకా ఒక రోజు ఇటు, ఒక రోజు అటుగానే ఉంది. అక్క మాత్రం సైరన్ తర్వాత వస్తూనే ఉంది.

చాలా ఏళ్లకు, అక్క వాళ్లు ఇల్లు మారి ఎటో వెళ్లిపోయాక, అక్కకు నిజంగానే వంట వచ్చేది కాదా అని అమ్మను అడిగాను. అమ్మ నవ్వింది. "దానికి రాకపోవుడేంది? నా కంటె మంచిగ వండుతుండె. అంతకుముందేడు చింతచిగురు పప్పు గిన్నెడు తెచ్చిచ్చింది గద." అంటే మొదటి రోజు నుంచీ అమ్మకు తెలుసు. తెలిసి మరెందుకు లేచావన్నాను. "రోజు అడుగుతుండె గద. ఎన్ని దినాలని జవాబియ్యకుంట ఉంట?"

అమ్మ పోయి చాలా కాలమైంది. ఆ పప్పు మాత్రం నాకూ తమ్ముడికీ మధ్య ఉండిపోయింది. ఏటా కొత్త చిగురు రాగానే నేను వండేదాన్ని, తమ్ముడు వచ్చేవాడు. రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి, మనవరాలున్న మనిషి, కంచం ముందు కూర్చుని ముద్ద ఎత్తే ముందు "కంకర కాదు గద అక్కా?" అని అడిగేవాడు. అడగకుండా ఒక్క ఏడూ తినలేదు.

ఈ మాఘంలో వాడు పోయాడు.

రామంతాపూర్‌లో వాడి ఫ్లాటు మూడో అంతస్తులో ఉంది. మరదలు సోఫా మూలన కూర్చుంటుంది. టీవీ వేసి ఉండదు, ఫోన్ చేతిలో ఉండదు. వచ్చినవాళ్లు చెప్పవలసినవన్నీ చెప్పి వెళ్లారు. నేను కూడా చెప్పాను. దుఃఖం గురించి నేను చదివిన పుస్తకాలు కొన్ని ఉన్నాయి, వాటిలో మంచి మాటలూ ఉన్నాయి. ఆమె ముందు కూర్చుంటే ఒక్కటీ నోటికి రాలేదు. ఆమె కంచం కూడా పెట్టినట్టే ఉంటోంది.

మొన్న ఉప్పల్ మార్కెట్లో చింతచిగురు కనబడింది. కొనుక్కుని రామంతాపూర్ వెళ్లాను. తమ్ముడి మనవరాలికి నాలుగేళ్లు. దాన్ని వెంటబెట్టుకుని అపార్ట్‌మెంట్ కింద మూల స్థలంలో ఇటుకలు పేరుస్తుంటే వాచ్‌మన్ పరుగెత్తి వచ్చాడు. "అమ్మా, గిక్కడ మంట వెట్టొద్దు. కమిటోళ్లు నన్ను దిడ్తరు." అతని తప్పేమీ లేదు. ఇటుకలు తీసేసి పైకి వెళ్లాను. మరదలికి కనబడేలా కుక్కర్లో పప్పూ చిగురూ కలిపి వేశాను. "చిగురు ముందే ఏసిన. ఏం గాదు గదా?" అని అడిగాను. ఆమె నావైపు చూసి మళ్లీ గోడ వైపు చూసింది. కుక్కర్ నాలుగు కూతలు కూసింది. మూత తీస్తే పప్పు బాగానే ఉడికిపోయి ఉంది. నాకు నవ్వు వచ్చింది. ఈ సంగతి చెప్పుకోవడానికి తమ్ముడు ఉండాలి అనిపించింది. తర్వాత చాలాసేపు ఆ వంటింట్లోంచి బయటికి రాలేకపోయాను.

నిన్న కుక్కర్ పక్కన పెట్టి మామూలు గిన్నెలో పెట్టాను. బాల్కనీలో సుద్దముక్కతో గళ్లు గీశాను. పాప కుంటింది. నా మోకాళ్లు ఒప్పుకోవు కాబట్టి నేను కూర్చుని తొండి చేశాను. పప్పు ఉడకలేదు. మరదల్ని మళ్లీ అడిగాను. "ఆకలి లేదు వదినె" అంది. నేను అడిగింది అది కాదు. అయినా కొంచెంసేపు ఆగాను. తర్వాత నేనూ పాపా ఆ పప్పే కలుపుకున్నాం. పాప ఉమ్మేసింది. నేను పూర్తిగా తిన్నాను. మంచిగనే ఉన్నదన్నాను.

ఇన్నేళ్లూ నేను అక్క యుక్తినే గుర్తుపెట్టుకున్నాను. అక్క రోజూ అడుగుతుండేదని అమ్మ చెప్పిన మాట గుర్తుంది కానీ, అది నాకు చెప్పిన పని అని అనుకోలేదు. ఇప్పుడు అనుకుంటున్నాను. ఇవాళా వెళ్తాను, రేపూ వెళ్తాను. రోజూ మధ్యాహ్నం రెండు గంటలకు, గోడ గడియారం చూసుకుని ఇంటి నుంచి బయలుదేరుతున్నాను. నాచారంలో ఇప్పుడు ఆ సైరన్ మోగించడం లేదు.