తాండూరు బండల సందులో సలామిస్ యుద్ధం

సముద్రపు చుక్క లేని తాండూరులో, పట్టపగలు, నా పెళ్లి ముహూర్తాన్ని నేనే నిలువునా ముంచబోయాను. నమ్మబుద్ధి కాకపోతే మంచిదే. నమ్మకపోవడమే ఆ రోజుల్లో నా వృత్తి. వికారాబాదు హైస్కూలులో సైన్సు పంతులుగా చేరిన కొత్తల్లో, సూర్యుడు తూర్పున పొడిచాడని ఎవరైనా అంటే, దిక్సూచి తెచ్చి చూసేదాకా సరేననేవాడిని కాను.

సంబంధం ఖాయమైన రోజు. పెళ్లికూతురు సుశీల తండ్రి తాండూరులో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన పెద్దమనిషి. శర్బత్తు గ్లాసు నా చేతికి ఇస్తూనే గ్రీసు దేశానికి వెళ్లిపోయారు.

"సలామిస్ కాడ సముద్రం ఇరుకు, బాబూ. పారశీకుల ఓడలు మస్తు, గ్రీకులవి కొన్నే. అయినా ఇరుకుల పడేసి కొట్టిండ్రు. అందుకే సముద్రబలం మీద తర్వాత రాసినోళ్లు ఏమన్నరంటె, ఓడలు లెక్కవెట్టకు, తొవ్వ ఎవని చేతుల ఉన్నదో సూడు అన్నరు."

"రుజువేది సార్? ఎక్కువ బలం తక్కువ బలం చేతుల ఓడుడు ఏ లెక్కల వస్తది?"

"చెప్పనియ్యి, అసలు ముచ్చట ముందున్నది..."

"ముచ్చట్లు ఒద్దు సార్, రుజువు కావాలె. ఎదురుకోళ్లనాడు చూస్తం. మా బండ్లన్ని తెస్త. మీరు ఎంతమంది వస్తరో రాండ్రి!"

తలుపు చాటున ఎవరో కిసుక్కున నవ్వారు. దాన్ని ఆమోదంగా భావించడం నా మొదటి పొరపాటు.

మా వైపు పెళ్లిళ్లలో లగ్గానికి ముందు ఎదురుకోళ్లు జరుగుతాయి. ఇరుపక్షాలవారు దారిలో ఎదురుపడి, బుక్కా గులాలు చల్లుకొని, ఒకరినొకరు ఎగతాళి చేసుకొని, ఆ పైన పందిట్లోకి నడుస్తారు. పెళ్లినాడు విడిది ముందు దొరికిన ప్రతి ఎడ్లబండినీ కట్టించాను. బలగాన్ని చూసి పొంగిపోతుండగా సుశీల మేనత్త కొంగు కప్పుకొని వచ్చింది.

"అయ్యా, నా పేరు బయట పెట్టకు. మావోళ్లు కొద్దిమందే. పెద్ద బాట మీదికి రావాలంటె భయపడ్తున్నరు. బండల సందులకెళ్లి పందిట్లకు జారుకుంటరట. జల్ది పోతె గుత్తగ దొరుకుతరు."

"ఇంకేంది అల్లుడా, పట్టుకుందం పా!" అని మా మేనమామ ఎగిరాడు. రెండువేల అయిదువందల ఏళ్లనాటి యుద్ధానికి సాక్ష్యం అడిగిన నేను, కళ్లముందున్న మేనత్తను ఒక్క ప్రశ్నా అడగలేదు. నచ్చిన కబురు ఎక్కడి నుంచి నడిచొచ్చిందో ఎవరూ చూడరు కదా!

బండల సందు అంటే, నాపరాళ్లు నిలువెత్తున పేర్చిన రెండు గోడల నడుమ ఒక్క బండి పట్టే దారి. నా బండి చివరిదాకా వెళ్లేసరికి అక్కడ ఎడ్లు లేని బోసి బండి ఒకటి అడ్డంగా నిలబడి ఉంది. గోడల మీద గుప్పెడుమంది ఆడవాళ్లు. మరుక్షణం వాళ్లు చల్లిన గులాలుకు ఆకాశం ఎర్రబడింది. నా ఎడ్లు ఆగాయి. వెనక బండి ముందుకు తోసింది, దాని వెనకది దాన్ని తోసింది. ఊరంతా బండ్లే, ఎద్దు తిరగ తావు లేదు.

పందిట్లోంచి పెళ్లి పంతులుగారి కేక వినిపించింది: "లగ్గం దగ్గర వడ్డది!"

"మామా, పుస్తెలు ఏడున్నయి?" అని అరిచాను.

"నా కాడనే భద్రంగున్నయిరా!"

"నువ్వు ఏడున్నవ్?"

"ఏమో! నా ముంగట ఎద్దు తోక తప్ప ఏం కనవడ్తలేదు!"

నవ్వండి, పరవాలేదు. కానీ ఆ క్షణంలో నాకు ఒళ్లు గగుర్పొడిచింది. నేను అప్పటికి సముద్రం చూసినవాడిని కాను. అయినా ఆ ఎర్రటి ధూళిలో సలామిస్ కనిపించింది. ముందున్న ఓడ వెనక్కి రాలేదు, వెనకున్న ఓడ ఆగలేదు. తెడ్డుకు తెడ్డు తగిలి విరుగుతుంది. ఎంత పెద్ద బలమైతే అంత పెద్ద చిక్కుముడి. ఓడలు పోయాక, గట్టు మీద మిగిలిన పారశీకుల మహాసైన్యానికి తిండి తెచ్చే దారే పోయింది. నాకు పుస్తెలు తెచ్చే దారి పోయినట్టే! ఎన్నడో నీళ్లలో మునిగినవారి అనుభవం ఎన్ని దేశాలు, ఎన్ని తరాలు దాటి, తడి ఆరకుండా ఈ రాళ్ల నడుమకు వచ్చిందో తలుచుకొని, చేతులు జోడించబోయాను. నోట్లో గులాలు పడింది.

రాళ్ల గుట్ట మీద నుంచి కాబోయే మామగారు అడిగారు: "రుజువు సాలునా, ఇంక కావాల్నా?"

"సాలు సార్! సలామిస్ నిజం! తొవ్వ ఇయ్యుండ్రి!"

గోడల మీది ఆడవాళ్లు పుస్తెలను చేతి నుంచి చేతికి అందిస్తూ పందిరి చేర్చారు. బోసి బండి పక్కకు జరిగింది. పీటల మీద కూలబడేసరికి ముహూర్తానికి ఊపిరి మాత్రమే మిగిలింది.

అడ్డుతెర అవతలి వ్యక్తిని గుసగుసగా అడిగాను: "మీ అత్తతోని ఆ కబురు ఎవరు పంపిండ్రు?"

"నేనే. గ్రీకు సేనాని సుత గట్లనే దొంగ కబురు పంపి గుంజుకొచ్చిండు. నాయిన గదే చెప్పబోతుంటె మీరు రుజువు, రుజువని లొల్లి పెడ్తిరి!"

జీలకర్ర బెల్లం చేతిలో పట్టుకొని, మనసులోనే, అగ్నిసాక్షిగా ప్రమాణం చేశాను: ఇకపై నచ్చని మాటకు ఒక రుజువు అడిగితే, నచ్చిన మాటకు రెండు అడుగుతాను, ఆశ పుట్టించే దేనినీ పరీక్షించకుండా ఈ జన్మలో నమ్మను.

తెర తొలగింది. ఎదురుగా ఆమె నవ్వుతోంది.

ఏ పరీక్షా చేయకుండానే నమ్మేశాను.