తడి మందు, పొడి మందు

దునియంత కొట్లాడిన పెద్ద లడాయి ఇంక మొదలు కాలే. కామారెడ్డి దవాఖానల పిల్లల వార్డుకు రాత్రిపూట మందులు కలిపేదాన్ని నేను. కంపౌండర్ అంటరు గా పనిని. ఆడదానికి గా పేరేందని నవ్వెటోళ్లు నవ్విండ్రు. నవ్వనియ్యి, నాకేంది! మా అవ్వ, బాపు తాడ్వాయిల కూలికి పోయెటోళ్లు. మిషను బడిల నన్ను చదివిచ్చిండ్రు. గా బడోళ్లే మందులు నూరుడు, తూసుడు, కలుపుడు నేర్పిచ్చిండ్రు. చిన్న పిల్లల మందు గద, తూకం జరంత తప్పినా పానం పోతది. అందుకే రాత్రంత కండ్లల్ల వత్తులేసుకోని కూసునేదాన్ని.

మందుల అర్రకు ఒక కిటికి ఉండె. తల్లులు గా కిటికి కాడికొచ్చి మందు తీస్కపోవాలె. నేను పనిల చేరిన కొన్నొద్దులకే దానికి పర్దా కట్టిండ్రు. ఎందుకో ఎవ్వరు చెప్పలే. చెప్పే పనేముంది? మేం కిరస్తానంల కలిసినోళ్లం, అంతకుముందు ఊరవతలి వాడ మాది. మేం ముట్టిన నీళ్లు పెద్దింటోళ్లు తాగరు. మందుల నీళ్లుంటయి గద! ఇగ నేను పర్దెనక నిలవడి కలుపాలె, చప్రాసి చెయ్యి బయటపెట్టి అందియ్యాలె. చప్రాసిది ఊరి లోపలి కులం, వాని చెయ్యి నడుస్తదట.

ఇంకో ముచ్చట చెప్త, నవ్వుకోండ్రి. పొడికి అంటు లేదు. నేను నూరి, నేను పొట్లం కట్టిస్తే ఎవ్వరైనా మంచిగ తీస్కపోతరు. గదే పొడిల నేను నీళ్లు పోసిన్ననుకో, మైలపడిపాయె! చెయ్యి ఒక్కటే, పొడిగున్నంతసేపు మంచిదట, తడిస్తే చెడ్డదట. గీ లెక్క కట్టినోడెవడోగాని వాని తెలివి తగలవడ! ఆ పర్దా దిక్కు చూసినప్పుడల్ల నా ఒళ్లు మండుతుండె.

వానకాలంల ఒకనాటి రాత్రి ఎల్లారెడ్డి దిక్కు నుంచి గూడుబండి ఒకటొచ్చింది. ముసలామె దిగింది, ఎనుక కోడలు దిగింది. కోడలి చేతులల్ల ఏడాదిన్నర పోరడు, ఒళ్లు పెనం లెక్క కాలుతున్నది, కండ్లు మీదికి పోతున్నయి. డాక్టర్ దొరసాని చూసింది. సలిజరం అన్నది. నన్ను పక్కకు పిలిచి, "క్వినైన్ కడుపుల నిలవాలె. నిలవకపోతే తెల్లారెదాంక ఉండడు" అని చెప్పి, ఇంకో పిల్లకు ఊపిరాడుతలేదంటే అటు ఉరికింది.

చప్రాసి ఆనాడు లేడు. గాంధారిల చుట్టమెవరో సచ్చిపోతే పోయిండు. మందు కలిపిన, చక్కెర పాకం పోసిన, పర్దా పక్కకు జరిపి నేనే సీసా కిటికిల పెట్టిన. ముసలామె చెయ్యి చాపింది, మళ్ల ఆగింది.

"నువ్వెవ్వరు బిడ్డా? ఏమోళ్ల పిల్లవు?"

ఒక్క అబద్ధం ఆడితే అయిపోతుండె. నా నోటికి రాలే. "తాడ్వాయోళ్లం అవ్వా. కిరస్తానపోళ్లం. మా వాడ ఊరవతల" అన్న.

"మందుల నీళ్లెవరు పోసిండ్రు?"

"నేనే పోసిన. రాత్రిపూట గీ వార్డుల పోరగాండ్లు తాగే మందంత నా చేతిదే."

"రామ రామా!" అని ముసలామె చెయ్యి ఎనుకకు గుంజుకున్నది. "పొట్లం ఇయ్యి. నీళ్లు మా చెంబుల ఉన్నయి."

కోపం తన్నుకొచ్చింది. అయినా పోరని పానం ముంగట నా కోపమెంత? బిరబిర పొట్లం కట్టిచ్చిన. వాళ్ల చెంబు నీళ్లల్ల కలిపి నోట్ల పోసిండ్రు. ఆ చేదుకు పోరడు భళ్లున కక్కిండు. ఇంకో పొట్లమిచ్చిన. అది గూడ కక్కిండు. ఇగ ముసలామె కొంగు బిగించింది. "లేవే, పోదాం. ఎల్లారెడ్డిల మన వైద్యుడున్నడు, ఆయన చూస్తడు" అని కోడలి రెట్ట పట్టింది.

నేను ఉరికొచ్చి దర్వాజల అడ్డం నిలవడ్డ.

"సగం తొవ్వల పోరడు మీ చేతులల్లనే పోతడవ్వా. నేను జరుగ. ఏమనుకుంటవో అనుకో!"

"నన్ను ముట్టుకుంటవా ఏంది?"

"ముట్టుకోను. నువ్వే నన్ను నూకి పో, చూద్దాం" అన్న.

ముసలామె ఆడనే ఆగిపోయింది. నన్ను నూకాలంటే ముట్టుకోవాలె గద! ఆమె మడే ఆమెకు గోడైంది. అప్పుడు నా కండ్లు కోడలి మీద పడ్డయి. ఇరవై ఏండ్లు గూడ ఉండయి, వచ్చిన కాన్నుంచి ఒక్క మాట మాట్లాడలే. పోరడు పాలు తాగక ఎంతసేపైందో, రొమ్ములు నిండి రవిక తడిసిపోయింది.

"చెల్లే, నా నీళ్లొద్దు, మీ నీళ్లొద్దు. నీ పాలు పిండు. పాలల్ల పొడి కలిపి పోద్దాం, చేదు తెల్వది" అన్న.

ఆమె మూట ఇప్పి ఉగ్గుగిన్నె తీసింది. ఒక చెయ్యి పోరని కింద ఉన్నది, ఇంకో చెయ్యి పాలు పిండాలె. గిన్నె పట్టెటోళ్లెవరు? అత్త దిక్కు చూసింది. అత్త మొకం తిప్పుకున్నది. ఆమె నా దిక్కు మళ్లి గిన్నె నా చేతుల పెట్టింది.

"అది వాని ఉగ్గుగిన్నెనే! ఆమె చేతికిస్తవా!" అని ముసలామె మొత్తుకున్నది.

కోడలు ఇనలే. పాలు పిండింది. నేను పొడి ఏసి చక్కెర కలిపిన, జరంత జరంత పోసినం. పోరడు మింగిండు. ఇద్దరం ఊపిరి బిగవట్టి వాని మొకమే చూసుకుంట కూసున్నం. కక్కలే! తెల్లారగట్ల వాని నొసలు మీద చెమట పట్టింది. ఆ చెమట చూసి నేను బొలబొల ఏడ్చిన, సిగ్గేముంది చెప్పుకుంటందుకు.

జరం దిగినంక ఇంటికి పోతమన్నరు. ఇంటికాడ గూడ చాలొద్దులు మందు తాగాలె. పాలల్ల కలిపి పోద్దామంటే పోరడు ఆ చేదుకు జడిసి పాలే ముడుతలేడు. చెంబు నీళ్లల్ల పొడి కలిపితే కక్కుతడు, పాకం పోసి కలిపిన తడి మందే కావాలె. దొరసాని నెమ్మదిగ, "పగటి కంపౌండర్ చెయ్యి వాళ్లకు నడుస్తది, ఆయనతోటి కలిపిస్త, నువ్వు లోపలుండు. పిల్లగాడు బతుకుడు ముఖ్యం గద" అన్నది. ఆమె మాటల తప్పు లేదు.

నేను ఒప్పుకోలే. "సీసా నేను కలిపిందో కాదో అని వాళ్లకు అనుమానం ఉండనే ఉంటది. ఆ అనుమానంతోటి తొవ్వల కాలువల పారేస్తరమ్మా. తెలిసి తీస్కపోతెనే తాగిపిస్తరు. అయినా నేనేం దొంగతనం చేస్తున్న, దాసుకుంటందుకు?" అన్న. దొరసాని, "సరే, నీ ఇష్టం" అన్నది.

పర్దా గుంజి అవతల పడేసిన. ఎండ లోపలికొచ్చింది. ముసలామె కిటికి ముంగట నిలవడి ఉండంగనే పొడి తూసిన, పాకం పోసిన. "అవ్వా, ఇగో నీళ్లు పోస్తున్న, చూడు" అని ఆమె కండ్ల ముంగటనే పోసిన. బిరడ పెట్టి సీసా కిటికిల నిలవెట్టిన.

ముసలామె సీసా ముట్టలే. గిర్రున తిరిగి బండెక్కింది. కోడలు గూడ ఎక్కింది. బండి కదిలింది. సీసా కిటికిలనే ఉన్నది. నా పట్టుదలకు పసిపోరని పానం తీసిన్నా ఏంది? సీసా పట్టుకోని ఉరికి బండిల పెట్టొద్దామా అనుకున్న. కాళ్లు కదులకముందే బండి ఆగింది.

కోడలు దిగింది. పోరన్ని సంకనేసుకోని, బురదల చెప్పులు లేకుంట నడుసుకుంట వచ్చింది. బండిలకెళ్లి అత్త పిలుస్తనే ఉన్నది. ఆమె నా కిటికిలకు చెయ్యి పెట్టి సీసా తీస్కున్నది. ఆమె ఏలు నా ఏలుకు తగిలింది. గుంజుకోలే.

"అక్కా, దినానికెన్నిమార్లు?" అని అడిగింది.

ఆమె నా ముంగటనే ఉన్నది, మెల్లగ చెప్తే ఇనవడతది. అయినా నేను బండి దాంక ఇనవడాలెనని గొంతెత్తి చెప్పిన.

"మూడుమార్లు చెల్లే! నేను కలిపిన మందు, మూడుపూటల!"