పావ్లక్ చేసిన అచ్చు

నార్బర్ట్ పావ్లక్ ఇరవై ఎనిమిదేళ్లు అమెరికాలోని టొలీడోలో ఒక సైలెన్సర్ల షాపులో పొగ గొట్టాలు వంచాడు. కారు కింద వెల్లకిలా పడుకుని, తుప్పు కళ్లలో రాలుతున్నా, ఏ గొట్టం ఎక్కడ ఎంత వంగాలో చూపుతోనే చెప్పేవాడు. ఆ షాపు మూతపడ్డప్పుడు అతనికి యాభై దాటాయి. ఈ వయసులో ఎవరు పిలిచి పని ఇస్తారని ఊళ్లో అందరూ జాలిపడ్డారు. కొరీన్ పిలిచింది.

కొరీన్ చదువుకున్న ఇంజనీరు, అతనికంటే పదిహేనేళ్లు చిన్న. ఫ్యాక్టరీ ఉద్యోగం మానేసి, స్పోర్ట్స్ కార్లకు జంట టర్బోల కిట్లు తయారుచేసే షెడ్డు పెట్టుకుంది. ఇంజన్ వదిలే పొగతోనే చక్రం తిప్పి, ఆ చక్రంతో ఇంజన్‌లోకి మరింత గాలి కుక్కడం టర్బో పని. ఒకటి చాలదనుకునే మహానుభావులకు రెండు. ఎంత గాలి, ఎంత వేడి, ఎంత పెట్రోలు అన్న లెక్కలు కొరీన్‌వి. అరచెయ్యి కూడా పట్టని సందులోంచి ఆ గొట్టాలను ఎలా తీసుకెళ్లాలన్నది నార్బర్ట్ తలనొప్పి.

అతను ముందు బట్టలు తగిలించే తీగను వంచి దారి చూసుకునేవాడు. తర్వాత ఉక్కు గొట్టాన్ని ముక్కలుగా కోసి, కారులోనే ఒక్కొక్కటి అతికించి చూసేవాడు. అంతా కుదిరాక ఆ గొట్టాలకు సరిపడా ఒక ఉక్కు అచ్చు చేసేవాడు. ఇక ఆ మోడల్ కిట్లన్నీ అచ్చు మీదే తయారవుతాయి, కారుతో పని లేదు. “మీ కారుకు ఎక్కడా కోత పెట్టక్కర్లేదు, ఇంట్లోనే బిగించుకోవచ్చు” అని కొరీన్ ప్రకటన. జనం వచ్చేది ఆ మాటకే. ఆ మాట నిలబడింది నార్బర్ట్ కన్ను మీద. అతని పని మీద ఆమె ఎప్పుడూ కొలత టేపు పెట్టి చూడలేదు. “పెద్దాయన చూశాడుగా, చాలు” అనేది. పైకి భుజాలు ఎగరేసినా, ఈస్టర్ ముందు శుక్రవారాల్లో చర్చి హాల్లో చేపల భోజనానికి వెళ్లినప్పుడల్లా అతను ఆ మాటే చెప్పుకునేవాడు. “తెలుసులే, చల్లారిపోతోంది, తిను” అనేది భార్య లొరెయిన్.

ఆ ఏడాది కొత్త మోడల్ కిట్టు మార్చిలో పదకొండు మందికి వెళ్లింది. అందరికంటే ముందు ఫోన్ చేసినవాడు డ్వైట్ ఆక్స్లీ, ఫోర్ట్ వేన్‌లో స్కూలు బస్సు నడుపుతాడు. కొరీన్ ఫోన్ స్పీకర్ మీద పెట్టింది.

“ఎడమ గొట్టం స్టీరింగ్ రాడ్‌కి ఆనుతోందండీ. మధ్యలో కాయితం కూడా దూరట్లేదు.”

“ఇంజన్ సరిగ్గా కూర్చుందా? వదులు చేసి మళ్లీ బిగించి చూడండి.”

“మూడుసార్లు చూశా. ఇంకోసారి చూస్తే మా ఆవిడ నన్నూ కారునూ కలిపి గెంటేస్తుంది. పర్లేదు లెండి, అక్కడ సుత్తితో కాస్త సొట్ట పెట్టుకుంటా. గొట్టమేగా.”

రేపు మాట్లాడతానని చెప్పి కొరీన్ ఫోన్ పెట్టేసింది. “ఆ మహానుభావుడు కారుని ఎక్కడో గుద్ది మర్చిపోయుంటాడు. ఏమంటావ్ పెద్దాయనా?”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నార్బర్ట్ శుభ్రంగా ఉన్న చేతులనే మళ్లీ గుడ్డతో తుడుచుకున్నాడు. “అయ్యుండొచ్చు” అన్నాడు.

కారుని గుద్దింది అతనే. ఆక్స్లీ కారును కాదు, షెడ్డులో కొలతల కోసం పెట్టుకున్న కారును. కిందటి నవంబర్‌లో ఒక ఉదయం నడిపి చూద్దామని తీసుకెళ్లాడు. తడిసిన ఆకుల మీద జారి ముందు ఎడమ చక్రం ఫుట్‌పాత్ అంచుకు కొట్టుకుంది. దాని వెనక చాసిస్, అంటే కారు అడుగు చట్రం, కాస్త వంగింది. ఆదివారం స్నేహితుడి గ్యారేజీలో గొలుసు వేసి లాగాడు. చూపుకి సరిగ్గానే వచ్చింది. గుద్దడానికి రెండు రోజుల ముందే కొరీన్ ఎవరికో అతన్ని చూపించి, “మా టేపు ఈయన కళ్లే” అంది. ఆ కళ్లకు రోడ్డు మీద ఆకులు కనపడలేదని ఏ మొహం పెట్టుకుని చెప్పడం? రేపు చెబుదామనుకున్నాడు. ఆ రేపటి లోపలే అచ్చు తయారైంది.

మధ్యాహ్నం షెడ్డులో ఎవరూ లేనప్పుడు కారు కింద దూరి, మూల నుంచి మూలకు టేపు పట్టాడు. లాగడం ఎక్కువై చాసిస్ వేలెడు మందం బయటికి వచ్చేసింది. వంకర కారులో చక్కగా పట్టిన గొట్టం తిన్నగా ఉన్న ప్రతి కారులోనూ రాడ్‌కి తగులుతుంది.

నోరు మూసుకుంటే గడిచిపోయేదే. సొట్ట పెట్టుకుని నవ్వుకోవడం ఈ పనిలో అందరికీ అలవాటు. కానీ వేడికి గొట్టం ఉబ్బుతుంది, ఇంజన్ ఊగుతుంది. పదకొండు మందిలో ఒక్కడు సొట్ట చిన్నది పెట్టుకుంటే చాలు, ఏదో మలుపులో స్టీరింగ్ తిరగదు. పావ్లక్‌ని ఇక్కడ మెచ్చుకోవాల్సింది ఏమీ లేదు. నాలుగు నెలలు మూసుకున్న నోరు ఆ పూట తెరిచాడు, అంతే.

కొరీన్ తిరిగొచ్చి బల్ల దగ్గర శాండ్‌విచ్ తింటోంది.

“ఆక్స్లీ కారు బాగానే ఉంది. వంకర మనదాన్లో ఉంది” అన్నాడు.

“మనదాన్లోనా? ఎలా?”

“నవంబర్‌లో నేనే గుద్దా. నేనే లాగి సరిచేశా. సరి కాలేదు.”

“అచ్చు చేసే ముందా?”

“ముందే.”

ఆమె శాండ్‌విచ్ కింద పెట్టేసింది. “నాలుగు నెల్లు రోజూ ఇదే బల్ల మీద నీతో కలిసి తిన్నాను కదా నార్బర్ట్.”

పెద్దాయనా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది.

“ఎవడైనా సుత్తి పట్టుకోకముందే అందరికీ ఫోన్లు చెయ్యాలి. నేనే చేస్తా” అన్నాడు.

“చెయ్. ఇక్కడే, నా ముందే చెయ్.”

పదకొండు మందికీ ఒకటే చెప్పాడు. కారు స్టార్ట్ చెయ్యొద్దు, కిట్టు విప్పి పంపెయ్యండి, తప్పు మీది కాదు, కొలత నాది. ఇద్దరు తిట్టారు. ఒకాయన మీ షెడ్డు పేరు మళ్లీ నా ముందు ఎత్తొద్దన్నాడు. ఆఖరున డ్వైట్ ఆక్స్లీ అంతా ఓపిగ్గా విన్నాడు.

“ఒకటి అడగనా? కొత్త అచ్చు కూడా మీరేనా చేసేది?”

నార్బర్ట్ ఫోన్‌ని అరచేత్తో మూసి కొరీన్ వైపు చూశాడు.

“తనే చేస్తాడని చెప్పు. ప్రతి కొలతా నేను మళ్లీ చూస్తానని కూడా చెప్పు.”

మొదటి మాట తేలిగ్గానే చెప్పాడు. రెండోది చెప్పడం అంత తేలిక కాలేదు. అది విన్నాకే డ్వైట్, “అయితే కొత్త కిట్టు కోసం ఆగుతాను లెండి” అన్నాడు.